పాత గోడకు గిలాబు

“పోశన్నా, ఆగు! ఉలి కింద పెట్టు!”

సుకన్య అరిచిన అరుపుకు మేస్త్రి పోశన్న ఎత్తిన సుత్తె ఎత్తినట్టే ఆగిపోయింది. అరుగు మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న అత్త వసంతమ్మ తలెత్తింది. పొద్దున్నుంచీ ఆమె భయపడుతున్నది ఆ మొదటి దెబ్బకే.

బోధన్‌లోని ఆ ఇల్లు పాతది. దాన్ని ఆనుకుని వేసిన గది కొత్తది. రెండింటికీ బయటివైపు ఒకే సిమెంటు గిలాబు పూత, అదీ కొత్త ఫ్యాషన్ గరుకుది, చేయించాలని సుకన్య పట్టు. పాత సున్నం మీద సిమెంటు నిలవదు కాబట్టి ముందు గోడంతా చెక్కెయ్యాలి. ఆ సున్నమేమో వసంతమ్మ కాపురానికొచ్చిన ఏడాది కరక్కాయ, బెల్లం నీళ్లు పోసి దంచింది, గులకరాయితో తనే పామి పామి అద్దంలా చేసింది. గోడలకు చెవులుంటాయంటారు. నోరు కూడా ఉంటే ఆ గోడ తప్పకుండా వసంతమ్మ వైపే మాట్లాడేది. నెల రోజులుగా అత్తాకోడళ్లు ఉప్పూ నిప్పూలా ఉన్నారు. మధ్యన సుకన్య భర్త శ్రావణ్ అడకత్తెరలో పోకచెక్క. చివరికి “మీ ఇష్టం” అని వసంతమ్మే మూతి ముడుచుకుంది.

“ఏమైందే నీకు?” శ్రావణ్ విసుక్కున్నాడు. “నిన్న గిలాబు సాంపిళ్లు తెస్తనని నిజామాబాద్ పోయి ఖాళీ చేతులతోని వస్తివి. పొద్దున కొత్త గదిల కేలండర్‌కు మేకు గొడ్తే వద్దంటివి. ఇప్పుడు గిదా?”

“గోడ చెక్కుడు వద్దు. పాతదానికి సున్నమే ఏయుండ్రి. కొత్త గదికి దాని లెక్కనే సాఫ్‌గ గిలాబు జేయుండ్రి.”

“గరుకు గావాలె, గరుకు గావాలె అని నెల సంది నా పానం తీస్తివి గదా!”

“ఇప్పుడు నునుపే మంచిగ అనిపిస్తున్నది.”

“మంచిదే తీ చెల్లె, నాకు సగం పని తప్పింది” అని నవ్వి పోశన్న గంప ఎత్తుకున్నాడు. శ్రావణ్ గొణుక్కుంటూ అతని వెంట కొత్త గది వెనక్కి వెళ్లాడు.

వసంతమ్మ లేచి వచ్చి గోడను తడిమింది. గుండెల మీది బండ దిగిపోయింది. ఎంత సంతోషమంటే, కోడలికి ఆ పూట తన చేత్తో కలిపి ముద్దలు పెట్టాలనిపించింది.

“నా మనసు నొస్తదని ఆపినవా బిడ్డా?”

సుకన్య తల వంచుకుంది. “మీ కోసమే అంటే అబద్ధమైతది అత్తమ్మా.”

“మరి ఎవలి కోసం?”

“కడుపుతోని ఉన్నోళ్ల ఇంట్ల గోడకు ఉలి తాకొద్దంటరు గదా!”