అంచుకు అవతల

“మావాడు చెల్లెలి పెళ్లికి రాలేదు. వచ్చాడంటుంది మా కోడలు. ఏదో ఒకటి నువ్వే తేల్చు తల్లీ,” అన్నాడు పెద్దాయన, స్టూడియో మెట్లెక్కిన ఆయాసం తీరకముందే.

ఆల్బమ్‌లు చేసే అమ్మాయి కంప్యూటర్ మీంచి తలెత్తి ఆయన్ని గుర్తుపట్టింది. రెండేళ్ల కిందట ఈయన కూతురి పెళ్లి ఆల్బమ్ చేసింది తనే. అప్పటి పెళ్లికి ఇప్పుడు పంచాయితీ ఏమిటా అని విస్తుపోయింది. ఆయన గొడుగు కుర్చీకి తగిలించి నిదానంగా చెప్పుకొచ్చాడు. కొడుక్కీ తనకీ చాలాకాలంగా మాటల్లేవు. నెల కిందట కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పట్నుంచీ కోడలు ఒకటే మాట పట్టుకుంది. చెల్లెలి పెళ్లికి మా ఆయన వచ్చారు, గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారు, ఇంటిల్లిపాదీ ఉండి ఒక్కరూ రమ్మనలేదు అని.

“వచ్చుంటే ఫొటోల్లో పడాలిగా,” అన్నాడాయన. ఆ మాట మూడుసార్లు అన్నాడు.

ఇంకో వారం ఆగి వస్తే ఆ ఫైళ్లు ఉండేవి కావు. రెండేళ్లు దాటినవి చెరిపేయడం స్టూడియో పద్ధతి. మొత్తం రెండువేల మూడువందల ఫొటోలు. కెమెరా దాచుకునే అసలు ఫైళ్లు మహా బరువు, ఒక్కొక్కటీ తెరుస్తూ కూర్చుంటే రెండు రోజులు పడుతుంది. అయితే ప్రతి ఫైలు కడుపులోనూ ఒక చిన్న బొమ్మ తయారుగా ఉంటుంది. కెమెరా వెనక తెర మీద మనకు కనపడేది అదే. ఆ చిన్నబొమ్మల్ని మాత్రం బయటికి లాగడం పావుగంట పని. ఆ అమ్మాయి ఆ పనే చేసింది.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూశారు. నవ్వేవాళ్లు, ఆవలించేవాళ్లు, నోట్లో ముద్ద పెట్టుకుంటూ అడ్డంగా దొరికిపోయినవాళ్లు. ఆయన కళ్లజోడు సర్దుకుంటూ ముక్కు తెరకి ఆనించినంత పని చేశాడు. ఎదురుగా కూతురు పెళ్లిబట్టల్లో నిలబడి ఉన్నా ఆయన చూపు వెనక వరసల్లోనే తిరిగింది. రెండు గంటలు గడిచాయి. కొడుకు ఎక్కడా లేడు.

“అంతేనా?” అన్నాడు వెనక్కి వాలుతూ. ఆయన గుండెల మీంచి బరువు దిగిందనుకుంది ఆ అమ్మాయి.

అప్పుడు తట్టింది ఆమెకి. ఆ ఆల్బమ్ పొడవూ వెడల్పూ సమానంగా ఉండే చదరపుది. అందుకని ఫొటోగ్రాఫర్ కెమెరాని చదరపు కొలతకి పెట్టుకుని తీశాడు. చిన్నబొమ్మలు కూడా అలాగే, రెండు పక్కలా కోసేసి ఉన్నాయి. అసలు ఫైలు మాత్రం కెమెరా చూసినదంతా దాచుకుంటుంది. ఆ సంగతి ఆయనకి చెప్పి, గుమ్మం వైపు తీసినవి కొన్ని పెద్దవి తెరుస్తాను, కాసేపు ముందు గదిలో కూర్చోమంది. ఆయన గొడుగు తీసుకుని వెళ్లి కూర్చున్నాడు.

పదమూడో ఫైలు తెరవగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. చిన్నబొమ్మలో కనపడని ఎడమ అంచున, తలుపు పక్కన, అచ్చు ఈ పెద్దాయనే. ఓ ముప్పయ్యేళ్లు తగ్గించి నిలబెట్టినట్టు ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో రంగుకాగితం చుట్టిన పెట్టె. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, చెల్లెల్ని చూసి నవ్వుతున్నాడు. తర్వాతి ఫొటోలో పెట్టె నేలమీద ఉంది, మనిషి లేడు.

ఆమె గుమ్మానికున్న కర్టెన్ తొలగించి చూస్తే పెద్దాయన గొడుగు ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు. ఇది చూపిస్తే ఈ మనిషి తట్టుకుంటాడా? గుమ్మంలోకి వచ్చిన బిడ్డని గమనించుకోలేకపోయానని ఉన్నన్నాళ్లూ కుమిలిపోడూ? పోయినవాడు ఎటూ తిరిగిరాడు. ఉన్నవాడికైనా కంటినిండా నిద్ర ఉండాలి కదా. రేపు కోడలే వచ్చి చూపించమంటే మళ్లీ మొదటికొస్తుంది. ఎలాగూ చెరిపేయాల్సినవేనని మనసుకి సర్దిచెప్పుకుని అసలు ఫైళ్లన్నీ చెరిపేసింది. తిరిగి రాబట్టే వీలు కూడా లేకుండా, ఖాళీ అయిన చోట వేరే పెళ్లి ఫైళ్లు నిండా ఎక్కించింది. మంచిపనే చేశాననుకుంది పాపం.

కళ్లు తుడుచుకుని ముందు గదిలోకి వచ్చింది.

“లేడు బాబాయ్‌గారూ. పక్కలతో సహా చూశాను. మీ మాటే నిజం.”

పెద్దాయన లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. ఆమె కంగారుగా మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది. మీ తప్పేమీ లేదు, ఇంక మనసులో ఏమీ పెట్టుకోకండి అని సముదాయించింది. ఆయన గ్లాసు నోటి దాకా తీసుకెళ్లలేక, రెండు చేతులా పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ముసలి మొహం మీంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

“వాడు వచ్చాడమ్మా. నేనే పొమ్మన్నాను, తలెత్తి మొహమైనా చూడకుండా. ఆ రోజు నా బిడ్డ ఎలా ఉన్నాడో ఒక్కసారి చూసుకుందామని వచ్చాను.”