ఏదుపంది పంపిన పాట

మడుగు ఒడ్డున ఒక ముసలి తాబేలు తాత ఉండేవాడు. అడవిలో ఎవరు పాట కట్టినా తెచ్చి ఆయనకే వినిపించేవారు. ఆయన ఏరిన పాటల్ని తొలకరినాడు గోరింక అందరి ముందూ పాడేది.

నూకాలు అనే ఏదుపంది కూడా ఒక పాట కట్టింది. వానలో దుంపల కోసం వెళ్ళిన అమ్మ అడుగుల చప్పుడు వినబడుతుందేమోనని, బొరియలో పిల్ల చెవులు రిక్కించుకుని కూర్చోవడమే ఆ పాట. బెరుగ్గానే తాతకు వినిపించింది.

తాత కళ్ళు మూసుకుని విని, మళ్ళీ పాడించుకున్నాడు. "బాగుందే తల్లీ. కానీ అమ్మ ఇక రాలేదని చెప్పే ఆఖరి చరణం తీసెయ్యి. ఆ మాట వాన ముందే చెప్పేసింది."

నూకాలు ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "అది నేను ఏడుస్తూ కట్టిన చరణం తాతా!"

"తెలుస్తూనే ఉందమ్మా. ఆ ఏడుపు వినేవాళ్ళకి వదిలిపెట్టు."

కోపంగా ఇంటికెళ్ళిన నూకాలు, ఆ చరణం లేకుండా ఒకసారి పాడి చూసింది. గొంతు ఆగినా వాన ఇంకా కురుస్తున్నట్టే అనిపించింది. ఆ చరణం లేకుండానే పాటను తాతకు ఇచ్చేసింది.

తొలకరినాడు గోరింక ఆ పాట పాడింది. పులికైనా జంకని అడవిదున్న ఒకటి గుంపును దాటుకుని వచ్చి నూకాలు ముందు నిలబడింది. కొండలాంటి ఆ ముఖం మీద కన్నీళ్ళు! తన ఇరుకు బొరియలో పుట్టిన దిగులు అంత పెద్ద గుండెను ఎలా చేరిందో తెలియక నూకాలు తలెత్తి ఆ కళ్ళలోకి చూసింది.

"మా అమ్మ నీకెలా తెలుసు?" అని అడిగింది దున్న.