మూడో పిలుపు

రొదలోంచి మాటను వడగట్టడమే ఇంజినీరుగా పూర్ణిమ పదేళ్ల ఉద్యోగం. తను తయారుచేసిన డిజిటల్ ఫిల్టర్‌ని ఆ రాత్రి గిలకలదిండి రేవులో వైర్‌లెస్ సెట్టుకి తగిలించింది. తుఫానులో చిక్కుకున్న బంగార్రాజు పడవ జాడ ఇంకా తెలియలేదు. అతని భార్య అచ్చమ్మ సెట్టు ముందు నుంచి లేవడం లేదు.

"అచ్చమ్మా!"

బంగార్రాజు గొంతే. గాలి హోరు లేదు, అలల మోత లేదు. పక్కగదిలోంచి పిలిచినట్టుంది. మరోసారి పిలిచింది. తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

"పలకండి!" పూర్ణిమ మైకు అందించింది.

అచ్చమ్మ చేతులు వెనక్కి లాక్కుంది. "రాత్రిపూట రెండుసార్లు పిలిచి ఊరుకునేది మనిషి కాదమ్మా. మూడోసారి పిలిస్తేనే పలకాలి."

ఎదురుచూశారు. సెట్టు చిన్న చప్పుడైనా చెయ్యలేదు.  అప్పుడు పూర్ణిమకి గుర్తొచ్చింది. ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వస్తే రొద అనుకుని తుడిచెయ్యమని ఫిల్టర్‌కి నేర్పింది తనే.

గబుక్కున దాన్ని ఆపేసింది. సముద్రపు హోరు గదిలోకి విరుచుకుపడింది. దాని అడుగున, బొంగురుపోయి, ఆ గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది.

అచ్చమ్మ మైకు లాక్కుంది. "మావా! ఇక్కడే ఉన్నా మావా!"

హోరు అలాగే ఉంది. పిలుపు మాత్రం ఆగింది, ఎవరో చెవి ఒగ్గి వింటున్నట్టు.