పాటకీ పాటకీ మధ్య

“నాన్నా, మీ దర్శకురాలు వచ్చేశారు!” అంది కూతురు సంబరంగా.

గిటారిస్టు కుర్చీలోంచి లేవబోయాడు. కాళ్ళు లేవనివ్వలేదు. మోకాళ్ళ నొప్పులనుకుంది కూతురు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. ఆవిడకి చూపించడానికి మొహమే చెల్లడం లేదు.

నలభై రెండేళ్ళ కిందట అతనూ, మరో ముగ్గురూ కలిసి ‘తలకిందుల గొడుగులు’ అనే, మగత కమ్మినట్టుండే పాటల సైకెడెలిక్ రాక్ బ్యాండు నడిపారు. జుట్టు భుజాల దాకా, అప్రయోజకులన్న పేరు ఊరవతల దాకా. అప్పుడే ఈ దర్శకురాలు ఒక ప్రయోగాత్మక సినిమా తీస్తోంది. కథ లేదు, మనుషులు లేరు, ఆ మాటకొస్తే కెమెరా కూడా లేదు. ఫిల్ము మీద నేరుగా రంగులు పూసి, సూదితో గీతలు గీకి తీసిన అరగంట సినిమా. దానికి సంగీతం మీరే చెయ్యాలంది. తమకన్నా నాలుగేళ్ళు పెద్దదని నలుగురూ ఆమెను అక్కా అనేవారు.

రికార్డింగు ఆమె గదిలోనే, ఆమె టేపు మిషను మీదే. గోడలకి దుప్పట్లు కట్టారు. కొన్ని రోజులు గడిచాక ఆమె ఉన్నట్టుండి ఊరెళ్ళాల్సి వచ్చింది. తాళంచెవి గిటారిస్టు చేతిలో పెట్టి, “గది జాగ్రత్తరా” అంది.

ఒక మధ్యాహ్నం వాళ్ళకి పూనకమే వచ్చింది. మంచి ఊపులో ఉండగా టేపు అయిపోయింది. గిటారిస్టు ఆమె అలమరలోంచి చేతికందిన రీలు తీసి మిషనుకెక్కించాడు. వాయింపు సాగింది. అంత బాగా వాళ్ళు మళ్ళీ జన్మలో వాయించలేదు. ఆ రీలు అట్టపెట్టె మీద ఆమె చేత్తో రాసింది అతను సాయంత్రం గానీ చూడలేదు.

పన్నెండు రోజులకు ఆమె తిరిగొచ్చింది. చెప్పులు విప్పకుండానే అలమర తీసి చూసింది. “రీళ్ళేవిరా?” అంది.

అతనికి ఆ మొహం చూశాక నిజం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. “కప్పు కారి తడిసిపోయాయక్కా. పారేశాం” అన్నాడు. అప్పటికే మూడు రీళ్ళూ వాళ్ళింటి అటక మీదున్నాయి.

ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది. రీళ్ళతో పాటు ఆ సినిమా కూడా అటకెక్కింది. ఆ తర్వాత బ్యాండూ చెదిరింది.

పోయిన నెల కూతురు అటక దులుపుతూ వాటిని బయటికి తీసింది. తండ్రితో ఒక్క మాట కూడా అనకుండా తీసుకెళ్ళి, పాత టేపులు బాగుచేసే ఒకావిడకి ఇచ్చింది. అందరూ ఆవిడని టేపుల డాక్టరంటారు. పేపర్లో ఫొటో పడింది. మూడు రీళ్ళు, పక్కన మూడు అట్టపెట్టెలు, వెనక పళ్ళికిలిస్తూ కూతురు. ఆ రోజే ఫోనొచ్చింది.

“ఫొటో చూశానురా. వస్తున్నా” అంది అక్క. అంతే, పెట్టేసింది. అప్పట్నుంచీ అతను తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాడు.

అక్క చేతికర్ర తలుపు దగ్గర ఆనించి లోపలికొచ్చింది. జుట్టు ముగ్గుబుట్టయింది.

“అక్కా, ముందొక మాట…”

“తర్వాత చెబుదువులేరా. విననీ.”

మిషనుతో సహా వచ్చి హాల్లో కాచుకున్న టేపుల డాక్టరు మొదటి రీలు పెట్టింది. “జిగురు పట్టేసి ఉంటే, సన్న సెగ మీద పూటంతా ఆరబెట్టానండీ. బిడ్డని చూసుకున్నట్టు చూసుకున్నా” అంది.

గిటారు బొంగురుగా మూలిగింది. డ్రమ్ములు మొదలయ్యాయి. కూతురు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్క మాత్రం బస్సు కోసం కూర్చున్న మనిషిలా కూర్చుంది. రెండో రీలూ అలాగే గడిచింది.

టేపుల డాక్టరు మూడో రీలు తీయగానే అక్క కుర్చీని స్పీకరు పక్కకి జరుపుకుంది.

“ఇదొక్కటీ చిన్నదిగా ఉందేం నాన్నా?” అంది కూతురు.

పాట మొదలైంది. అద్భుతంగా ఉంది. పాట ఆగి, రెండోది మొదలయ్యేలోపు అక్క చెయ్యెత్తింది. “ఇక్కడ సౌండు పెంచమ్మా” అంటూ స్పీకరుకి చెవి ఆనించింది. తర్వాతి పాట దగ్గరా అంతే. ఆ తర్వాతా అంతే.

టేపుల డాక్టరు మురిసిపోయింది. “నిశ్శబ్దాన్ని కూడా వదలకుండా వింటున్నారు మేడం! వినడమంటే ఇదీ.”

“ఇంత బాగా వాయించి ఎందుకు దాచావు నాన్నా?” అంది కూతురు.

“కళాకారులంతేనమ్మా. ఎవరి పని వాళ్ళకి నచ్చదు” అని టేపుల డాక్టరే జవాబిచ్చింది.

“అంతే” అన్నాడు గిటారిస్టు. ఆ మాట అన్నాక అతనికి తల కొట్టేసినట్టయింది. ఇంత వయసొచ్చీ ఇంకో అబద్ధం. ఒక్కో పొగడ్తా ఒక్కో చెంపదెబ్బలా తగులుతోంది. ఏ పాటలోనూ తన గిటారు తనకి వినబడడం లేదు.

మూడో రీలు అయిపోయింది. చివరి జానెడు కూడా వదలకుండా వాయించారు. టేపు కొస టపటపా కొట్టుకుంటుంటే టేపుల డాక్టరు మిషను ఆపింది.

అతను లేచి నిలబడ్డాడు. “తడిసిపోలేదక్కా. నేనే దాచాను. నీ ముందు నిజం చెప్పే ధైర్యం చాల్లేదు.”

కూతురు తండ్రి వైపు బిత్తరపోయి చూసింది.

“బాగా వాయించార్రా” అంది అక్క. వెటకారం లేదు, కోపం లేదు. అది అతను ఇంకా భరించలేకపోయాడు. ఆమె టేపుల డాక్టరు వైపు తిరిగి, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“అమ్మాయ్, ఈ పాటలన్నీ తీసేసి, వాటి కిందున్న మా అమ్మ గొంతు ఒక్కసారి వినిపించగలవా?”