గట్టు మీద పులస పాట

“పదివేలు!” అంది కనకదుర్గ చెయ్యెత్తి.

“పన్నెండండీ,” అన్నాడు ఎదురుగా మీసాలాయన, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే.

ఆ పొద్దుట గోదారి మొత్తానికి పడింది ఒక్కటే పులస. రెండు కేజీల పైమాటే. అరిటాకులో పెట్టి పడవ వీర్రాజు వేలం పాట మొదలెట్టేడు. మిగతావాళ్లంతా ఎనిమిదివేల దగ్గరే జారుకున్నారు.

“దుర్గా, చాలింక,” అన్నాడు మొగుడు శివప్రసాద్. కొత్తపేట కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాడాయన, గట్టు మీదా మానలేదు. “సరుకు ఒకటి, కొనేవాళ్లు ఇద్దరు. ధర పెరక్కేం చేస్తుంది? ఒకళ్లు తప్పుకుంటే ఆగిపోద్ది.”

“అయితే ఆయన్ని తప్పుకోమనండి. పద్నాలుగు!”

“పదిహేనండీ.”

“పులస లేకపోతే కోడి. ప్రత్యామ్నాయం అంటారే దాన్ని.”

“మనమ్మాయి హేమకి సంబంధం కుదిరేక వియ్యాలవారు మొదటిసారి భోజనానికొస్తుంటే కోడా! తాంబూలాలనాడు మంగాయమ్మగారు నోరు తెరిచి చెప్పేరు, ఈ ఏడు పులస మొహమే చూళ్లేదని. మేమూ అంతేనండీ అన్నాను. రేపు ఆవిడ విస్తట్లో ఇది పడకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? పద్దెనిమిది!”

మీసాలాయన ఫోనులో ఏదో గొణిగేడు. “ఇరవయ్యండీ.”

“ఆ డబ్బుకి కొత్త ఫ్రిజ్జొస్తుందే! ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి, దాన్నే...”

“వదిలేసేను. ఇరవయ్యొకటి!”

మీసాలాయన ఫోను విన్నాడు, తల అడ్డంగా ఊపేడు. “మావాళ్లు చాలంటున్నారండీ.”

వీర్రాజు ఈలేసేడు. కనకదుర్గ చేపని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. “ఆ ఫోనులో మనిషెవరో గానీ జలగండీ బాబూ,” అంది దారంతా.

మట్టిదాకలో, ఇన్ని బెండకాయలేసి, ఆవకాయ నూని తగిలించి పులుసు కాచింది. మర్నాటికి ముక్క పులుసులో ఊరి, ఇల్లంతా ఘుమఘుమ.

రాజోలు నించి వియ్యాలవారు దిగేరు. మంగాయమ్మగారు పూతరేకుల డబ్బా అందించి, “ఇవే తేగలిగేమండీ వదినగారూ,” అంది మొహమాటంగా.

“అయ్యో, మీరు రావడమే పదివేలండీ!”

మొదటి ముద్దకే మంగాయమ్మగారు కళ్లు మూసుకుంది. “పులసే! అమృతంలా ఉందండీ. ఎంతయ్యిందేంటి?”

“మీకంటే ఎక్కువాండీ?” అంది కనకదుర్గ.

శివప్రసాద్‌కి నోరు ఆగలేదు. “పదికి రావల్సిందండీ. ఎవరో ఫోనులోంచి పాడించి పాడించి ఇరవయ్యొకటి చేసేరు. పోటీ అంటే అదేనండి మరి.”

మంగాయమ్మగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మొగుడి వంక చూసింది. ఆయన మంచినీళ్ల గ్లాసులోకి చూసుకుంటున్నాడు.

“వదినగారూ,” అంది మంగాయమ్మగారు, “ఆ ఫోనులో ఉన్నది నేనేనండీ, మీకు పట్టుకొద్దామని!”