గిర్ని గోడ

నాంపల్లి స్టేషనుకు పోయేటోళ్ళంత నా పిండిగిర్ని గోడకే ఉచ్చ పోసేది. ఛీ, ఏం కంపు! తిట్టిన, కట్టె పట్టుకొని ఉరికిచ్చిన. ఆఖరుకు గోడ నిండ దేవుళ్ళ బొమ్మలేయించిన. ఒక్కడు రాలే. ఎండకాలానికి గోడ మొదలంత ఎండింది.

నిన్న మా ఆమె అహల్య గిర్ని ముట్టంగనే షాక్ కొట్టి ఎగిరి పడ్డది. పానం దక్కింది.

కరెంటు పనోడు సదాశివ గోడ కింద తవ్వి చూసిండు.

"తాతా, మిషన్ల లీకైన కరెంటు ఈ ఎర్తు తీగ పట్టుకొని మట్టిలకు పోవాలె. మట్టి తడిగుంటెనే పోతది. ఇన్నేండ్లు దీనికి నీళ్ళెవరు పోసిన్రు?"



మంచం మీదికెల్లి అహల్య పక్కున నవ్వింది. "చెప్పుండ్రి జర, ఎవరు పోసిన్రో!"

థూ అని ఉమ్మి, గోడ మొదట్ల పోయనీకి నీళ్ళ బిందె ఎత్తుకున్న.