మౌస్ మావయ్య హస్తవాసి

"ఈ కంప్యూటర్ దగ్గర మీరు చేసే పనేమిటండీ?" అని అడిగింది కొత్తగా వచ్చిన ప్రోగ్రామర్ అమ్మాయి.

"మౌస్ కదుపుతానమ్మా," అన్నాడు మావయ్య.

"కదిపి?"

"మళ్ళీ కదుపుతాను."

అమ్మాయి పకపకా నవ్వింది. మావయ్య నవ్వలేదు. పదకొండేళ్ళుగా ఆ బస్సు డిపోలో అతని ఉద్యోగం అదే. డిపో అంతా అతన్ని మౌస్ మావయ్య అనే పిలుస్తుంది.

రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆ కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రామ్ నడుస్తుంది. మర్నాడు ఏ బస్సు ఏ దారిన పోవాలో, ఏ డ్రైవర్ ఏది ఎక్కాలో తేల్చి చీటీలు ఇస్తుంది. దాదాపు ముప్పావుగంట పని. అంతసేపూ ఎవరో ఒకరు మౌస్ కదుపుతూనే ఉండాలి. లేకపోతే తెర తెల్లగా పాలిపోయి, 'స్పందించడం లేదు' అని ఒక్క ముక్క చెప్పి మొరాయిస్తుంది. అది వచ్చిన కొత్తలో అలా మొరాయిస్తే, మర్నాడు నలుగురు డ్రైవర్లు ఒకే బస్సెక్కి స్టీరింగ్ కోసం కొట్టుకున్నారు. ఆ వారమే పేపర్లో ప్రకటన పడింది: మౌస్ కదపడానికి మనిషి కావలెను. డిపో గేటు తియ్యకముందే వచ్చి నిలబడ్డవాడు మావయ్య.

ఇన్నేళ్ళకు పై ఆఫీసువాళ్ళకి ఆ కుర్చీ కంట్లో నలుసైంది. ప్రోగ్రామ్ బాగుచేసి మనిషిని తీసెయ్యమని ఈ అమ్మాయిని పంపారు. మావయ్య కూతురి చదువు ఇంకా రెండేళ్ళుంది. ఈ వయసులో ఇంకెక్కడికి పోయి ఎవరి మౌస్ కదుపుతాడు?

అమ్మాయి డిపో మేనేజర్‌కి విషయం విడమరిచి చెప్పింది.

"దీనికి ఉన్నది ఒకటే బుర్రండీ. లెక్కలో మునిగిందంటే పిలిచినా పలకదు, మగవాళ్ళు టీవీ ముందు కూర్చున్నట్టు. లెక్కని వెనక గదిలోకి పంపి, పలకడానికి ముందుగదిలో ఇంకొకర్ని పెడితే చాలు."

"ముందుగదిలో మావయ్య ఉన్నాడుగా," అన్నాడు మేనేజర్.

అమ్మాయి తల పట్టుకుంది. ముందు ఎంతసేపు పడుతోందో కొలుద్దామంది. గోడ గడియారం పనికిరాదని, సెకనులో వెయ్యోవంతు కూడా చూపించే స్టాప్‌వాచ్ తీసింది.

"వెయ్యోవంతు సెకన్లో మన బస్సు ఎంత దూరం పోతుందమ్మా?"

"కదలదండీ."

"మరెందుకది?" అన్నాడు మేనేజర్, అయినా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

మొదటిరోజు ఎవరూ మౌస్ ముట్టుకోలేదు. పన్నెండు సెకన్లకే తెర తెల్లబోయింది.

రెండోరోజు మేనేజరే పూనుకున్నాడు. చొక్కా చేతులు మడిచి, రుబ్బురోలు తిప్పినట్టు ఆపకుండా తిప్పాడు. కదిపినప్పుడల్లా ప్రోగ్రామ్ లెక్క ఆపి ఆయన వైపు చూసింది. గంటా పన్నెండు నిమిషాలు పట్టింది.

మూడోరోజు మావయ్య కూర్చున్నాడు. పది సెకన్లకోసారి, నిద్రపోయే పసిపాపని తట్టినట్టు చిన్నగా కదిపాడు. ముప్పై ఎనిమిది నిమిషాల నాలుగు సెకన్లు.

"సరిగ్గా పది సెకన్లకే కదపాలని మీకెలా తెలుసు?" అంది అమ్మాయి.

"అలవాటమ్మా," అని మావయ్య చెమట తుడుచుకున్నాడు.

"అది హస్తవాసి!" అని మేనేజర్ బల్ల గుద్దాడు.

అమ్మాయి పట్టువదల్లేదు. "ప్రోగ్రామ్ రాసినతని దగ్గర అసలు ప్రతి ఉంటుంది. అది దొరికితే గంటలో లోపమేమిటో చెప్పేస్తాను."

ఎవరో ఇంట్లో కూర్చుని రాసి పోస్టులో పంపాడట. మనిషిని చూసినవాళ్ళు డిపోలో లేరు. అతని చిరునామా కోసం అమ్మాయి బీరువాలన్నీ తిరగేసింది. మావయ్య పూటకోసారి వచ్చి, "ఏమైనా దొరికిందామ్మా?" అని అడిగిపోయేవాడు. తన కొలువు పోయే పనిలో కూడా ఇంత శ్రద్ధా అని ఆ పిల్ల జాలిపడేది.

ఇంట్లో అతనికి ముద్ద దిగడం లేదు. "ఇన్నాళ్ళూ ఎలుకని కాసింది చాల్లెండి, పోతే పోతుంది," అంటూ భార్య అతని మణికట్టుకి నూనె రాసింది. అంటూనే కళ్ళు ఒత్తుకుంది.

ఏదీ దొరక్క, చివరికి అమ్మాయి ఇంకో ఉపాయం చెప్పింది. "పోనీ, పది సెకన్లకోసారి మౌస్ దానంతటదే కదిలినట్టు చేసే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసిస్తాను."

మావయ్య మేనేజర్ మొహంకేసి చూశాడు. మేనేజర్ గడ్డం గోక్కున్నాడు.

"అది మొరాయిస్తే?"

"మొరాయించదండీ."

"ఇదీ మొరాయించదనే కొన్నాం. అప్పుడు దాని మౌస్ ఎవరు కదుపుతారు? ఇంకో మావయ్యనా? ఒక్కడితోనే పై ఆఫీసు వేగలేకపోతోంది తల్లీ!"

సాయంత్రానికల్లా పై ఆఫీసుకి ఉత్తరం వెళ్ళింది: మావయ్య ఉద్యోగం పర్మినెంట్ చెయ్యవలెను, సెలవులు ఇవ్వరాదు.

అమ్మాయి సంచి సర్దుకుంది. "ఈ పని అయిపోయింది. రేపట్నుంచి నాకూ పని లేదు మావయ్యగారూ," అని నవ్వబోయి నవ్వలేకపోయింది. "ఆ రాసినవాడు కనబడితే మాత్రం చెవి మెలిపెట్టి అడుగుతాను, ఎందుకిలా రాశావని."

మావయ్య ఆమెను గేటు దాకా సాగనంపాడు. పిల్ల తెలివైనదే, ఇంకా లోకం తెలియదు అనుకున్నాడు.

పదకొండేళ్ళ కిందట ఇంట్లో కూర్చుని ఆ ప్రోగ్రామ్ రాయడం పూర్తిచేసిన సాయంత్రం, రేపట్నుంచి తనకూ పని ఉండదని తోచి, మౌస్ కదలకపోతే ఆగిపొమ్మని అట్టడుగున ఒక్క వాక్యం చేర్చి పోస్టు చేసింది మావయ్యే.